రాతిగనియు వాననీటి దారియు



ప్రకాశము జిల్లాలో ఒంగోలునకు చేరువనున్న చీమకుర్తి నేలలో, నల్లని మేనిపై కంచువన్నె చుక్కలు తళుకులీను శిల యొకటి దొరకును. వ్యాపారులు దానిని బ్లాక్ గెలాక్సీ గ్రానైటని వ్యవహరింతురు. భూవిజ్ఞానశాస్త్రము ననుసరించి అది గాబ్రో వర్గమునకు చెందిన అగ్నిశిల. ఆ తళుకునకు కారణము బ్రాంజైటను ఖనిజకణములు. దేశదేశముల భవనములందు గచ్చులకును స్తంభములకును శోభగూర్చిన ఈ శిల వలన ఎన్నియో కుటుంబములకు జీవనము లభించినది, ప్రభుత్వమునకు సీనరేజి రూపమున ధనము సమకూరినది. ఈ మేలును కాదనవలసిన పనిలేదు. అయితే దిమ్మెలు లారీలకెక్కి రేవులకు తరలిపోయిన పిమ్మట అచ్చట మిగిలినదేమి, మిగిలినదానిపై వాన కురిసినప్పుడు ఆ నీరు ఏ దారిని బోవును, ఆ దారిలోనున్న పొలములకును చెరువులకును ఏమి సంభవించును అను ప్రశ్నలను మనము రాతి క్రయవిక్రయములను గూర్చి యోచించినంత శ్రద్ధతో యోచింపలేదు. నేటి నా ప్రసంగమునకు ఆ ప్రశ్నలే విషయము.

ఇట్టి గనులలో వెలికితీసిన రాతియందు పగులును మచ్చయును లేని దిమ్మెగా అమ్ముడుపోవునది స్వల్పభాగము; అధికభాగము వ్యర్థశిలగా గని యంచుననే గుట్టలు పడును. ఒకవైపు వందల అడుగుల లోతునకు దిగిన గొయ్యి, మరియొకవైపు దానికి దీటుగా లేచిన గుట్ట, ఆ రెంటి నడుమ లారీల చక్రములక్రింద నలిగి మొక్క మొలవని నేల—ఇదియే మనకు దక్కు శేషము. దీనిని చక్కదిద్దు పనిని గని మూతపడిన తరువాత చూచుకొందమని చాలమంది భావింతురు. నా అభిప్రాయము ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. గని ముగియునాటికి ఆ నేల ఏ రూపమున నుండవలెనో, ఆ నేలమీద పడిన నీరు ఎచ్చటికి చేరవలెనో, మొదటి బ్లాస్టింగునకు పూర్వమే పటముపై గీయవలెను. గీయనిచో తరువాత ఎంత ధనము వెచ్చించినను ఆ పని సగమైనను నెరవేరదు.

ఎందుచేతననగా వానకు వాయిదా లేదు. లెక్క కొంచెము చూడుడు. ఒక హెక్టారు నేలపై ఒక్క మిల్లీమీటరు వాన పడినచో 10,000 లీటర్ల నీరగును. 10 హెక్టార్ల లీజు మీద ఒకనాడు 100 మిల్లీమీటర్లు కురిసినచో ఆ నీరు 1 కోటి లీటర్లు. ప్రకాశము జిల్లా వర్షాభావమునకు పేరుపడినదే యైనను, సంవత్సరమున కురియు 800 పైచిలుకు మిల్లీమీటర్ల వానలో గణనీయమైన భాగము అక్టోబరు, నవంబరు మాసములందు తుపానులతో కలిసి రెండు మూడు దినములలో ముంచుకొని వచ్చును. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుపాను, డిసెంబరు మాసమైనను ఈ తీరమునకు క్షేమకరము కాదని మరియొకమారు చూపినది. తుప్పలును గడ్డియు మట్టియు ఉన్న పూర్వపు నేల ఆ వాననీటిలో చాలభాగమును పీల్చుకొని, తక్కినదానిని మెల్లమెల్లగా వాగునకు విడిచెడిది. మట్టి ఒలిచిన రాతినేలకు ఆ ఓర్పు లేదు. నూటికి ఎనుబది పాళ్లు వెంటనే జారిపోవును. గంటకు 60 మిల్లీమీటర్ల జోరున వాన పడునప్పుడు ఆ 10 హెక్టార్లనుండి వెలువడు ప్రవాహము సెకనుకు 1,300 లీటర్లు, అనగా సుమారు 47 క్యూసెక్కులు. ఒక చిన్న కాలువకు సరిపడు నీరు, అదియు రాతిపొడితోడను మట్టితోడను చిక్కనై, ఏ కాలువయు త్రవ్వనిచోట పారుటకు బయలుదేరును.

ఈ బురదనీటిని గుంటలలో నిలువచేసి తేర్చి విడిచిన చాలునని సామాన్యముగా చెప్పుదురు. చెప్పుట సులభము. నీటిలో కణము దిగజారు వేగమును గూర్చి 1851లో స్టోక్స్ అను ఐర్లండు దేశీయుడైన గణితశాస్త్రవేత్త నిరూపించిన సూత్రము ననుసరించి కణపు వ్యాసము సగమైనచో దిగజారు వేగము నాలుగవ వంతు అగును. మిల్లీమీటరులో పదవవంతు ఉన్న సన్నని యిసుక ఒక మీటరు లోతునకు రెండు నిమిషములలో దిగును. నూరవవంతు ఉన్న ఒండ్రు కణమునకు దాదాపు 3 గంటలు పట్టును. వేయవవంతు ఉన్న జిగటమట్టి కణమునకు, నీరు ఏమాత్రము కదలకున్నను, 11 దినములకు పైబడును. ఇందాక చెప్పిన 47 క్యూసెక్కుల ప్రవాహమునుండి ఆ మధ్యరకపు ఒండ్రును మాత్రమైనను తేర్చుటకు గుంట వైశాల్యము మూడెకరములకు మించి యుండవలెను. పాతిక సెంట్ల గుంట యొకటి త్రవ్వించి, నీటి నియంత్రణ అయినదని కాగితముపై వ్రాసినచో ప్రకృతి ఆ కాగితమును చదువదు.

కావున మార్గమేమి? శుభ్రమైన నీటిని శుభ్రముగానే యుంచుట. గని యంచునకు ఎగువన, కొండవాలునుండి దిగివచ్చు వాననీరు గనిలోనికిగాని గుట్టలమీదికిగాని చేరకముందే దానిని పట్టి ప్రక్కకు మరలించు చుట్టుకాలువను మొట్టమొదట త్రవ్వవలెను. గనుల వారు దీనిని గార్లెండ్ డ్రెయినందురు. ఈ కాలువకు వాలు మరీ తక్కువైనచో పూడిపోవును, మరీ యెక్కువైనచో అడుగు కోసుకొనిపోయి తానే బురదకు కారణమగును. అందుచేత నిట్రమైన చోట్ల అడుగున రాయి పరచి, నడుమనడుమ చిన్న రాతికట్టలు వేసి నీటి దూకుడును అణచవలెను. వ్యర్థశిల కొండలుగా పడియున్నచోట ఇందుకు రాయి కొనవలసిన పనియే లేదు. ఇట్లు ఎగువనీటిని వేరుచేసిన పిమ్మట తేర్చవలసినది గనిలోను గుట్టలమీదను పడిన నీరు మాత్రమే. దానికై గనియడుగున లోతైన గుంట నుంచి, తుపానునీటిని అచ్చటనే నిలిపి, వాన వెలిసిన తరువాత కొద్దికొద్దిగా పైకి తోడి, వరుసగా అమర్చిన రెండు మూడు పొడవైన గుంటల గుండా నడపినచో మన లెక్క సాధ్యముల పరిధిలోనికి వచ్చును. ఆ గుంటలలో పూడికను మృగశిర కార్తెకు ముందొకసారియు, ఈశాన్య ఋతుపవనమునకు ముందొకసారియు తీయించుట మరువరాదు. బ్లాస్టింగునకు వాడు అమ్మోనియం నైట్రేటు అవశేషములును యంత్రముల డీజిలును నూనెయును కూడ ఆ నీటిలో కలియు నవకాశము కలదు గనుక, వాగులోనికి విడుచుటకు ముందు పరీక్ష చేయించుటయు ఆవశ్యకమే.

ఇచ్చట రైతుల పక్షమున ఒకమాట చెప్పక తప్పదు. చుట్టుకాలువ త్రవ్వినవాడు నీటిని తనకు సులువైన వైపునకు త్రోసివేసినచో, ఒక వాగునకు తరతరములుగా దక్కుచున్న నీరు మరియొక వాగు పాలగును. ఒక చెరువు ఎండును, ఇంకొకరి పొలము మునుగును. మన మెట్టసీమలందు ఒక చెరువు అలుగునీరు దిగువ చెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగా నిర్మించిన జలవ్యవస్థ ఉన్నది. అందులో ఒక్క పిల్లకాలువ దారి తప్పినను దాని ఫలితము మూడు గ్రామముల ఆవల తెలియును. ఎగువనీరు గనిని చుట్టి వచ్చినను తిరిగి అదే వాగులో కలియవలెను. ఈ నియమమును నేను మిక్కిలి ముఖ్యమైనదిగా తలచుచున్నాను. తక్కిన పనులు గనియజమాని భూమికి సంబంధించినవి, ఇది మాత్రము పొరుగువాని హక్కునకు సంబంధించినది.

ఇక గుట్టల సంగతి. లారీనుండి కుమ్మరించిన రాయి తనంతట తాను సుమారు 37 డిగ్రీల వాలున నిలుచును. అది నిలుచుట కేవలము నిలుచుటయే. వాన తడిపినప్పుడు దానియందలి మట్టి జారుటకు సిద్ధముగా నుండును, మొక్కకు వేరూనుటకు స్థానముండదు. పర్యావరణ అనుమతులలో గుట్ట మొత్తపు వాలు 28 డిగ్రీలకు మించరాదని సామాన్యముగా విధించుట ఇందుకే. మెట్లుమెట్లుగా తీర్చి, ప్రతి మెట్టును లోపలివైపునకు కొంచెము వంచి, నీరు అంచుమీదుగా దూకక వెనుక కాలువలోనికి దిగి క్రిందికి చేరునట్లు చేయవలెను. గుట్ట పాదమున రాతిగోడ కట్టవలెను. గుట్టను పోయుచున్నప్పుడే అడుగునుండి ఈ రూపము నిచ్చినచో అధికవ్యయము కాదు. నూరడుగుల గుట్టను పోసిన తరువాత మరల యంత్రములెక్కించి వాలు తగ్గింపవలెనన్నచో, క్రిందిచోటు చాలదు, డబ్బు చాలదు. అప్పటికి లీజుదారు ఆసక్తియు చాలదు.

అన్నిటికంటె అమూల్యమై, అన్నిటికంటె చులకనగా చూడబడునది పైమట్టి. గని తెరచునప్పుడు మొదట ఒలుచునది జానెడో మూరెడో మందముగల ఆ పొరను. దానిలో రాతిపొడి మాత్రమే కాదు, విత్తనములు కలవు, వేళ్లకు ఆహారమందించు శిలీంధ్రములు కలవు, కంటికి కనబడని కోటానుకోట్ల సూక్ష్మజీవులు కలవు. దానిని తక్కిన రాతితో కలిపి గుట్ట యడుగున పాతివేయుట పాపమని నేననుటకు సంకోచింపను. దానిని వేరుగా తీసి, నిలువెత్తునకు మించని కుప్పలుగా పోసి, జనుమో పిల్లిపెసరో చల్లి సజీవముగా నిలుపుకొనవలెను. ఎత్తైన కుప్పలో గాలి సోకక లోపలి జీవరాశి నశించును. సంవత్సరముల తరబడి నిలువచేసినను సత్తువ క్షీణించును. కాబట్టి ఉత్తమమైన పద్ధతి ఏమనగా, గనిలో ఒక భాగమున మట్టి ఒలుచునప్పుడు దానిని నేరుగా కొనిపోయి, పని ముగిసిన మరియొక భాగమున పరచుట. అనగా పునరుద్ధరణ గని జీవితపు తుదిఘట్టము కాదు. గనితోపాటే యేటేట నడువవలసిన పని.

ఆ మట్టిపై నేమి నాటవలెను? ముందు గడ్డి. రెల్లు, వట్టివేరు, చెంగలిగడ్డి వంటివి వాలును పట్టి యుంచును. వాటి నీడను వేప, కానుగ, రేల, సీతాఫలము, ఉసిరిక వంటి మన మెట్టచెట్లు లేవగలవు. త్వరగా పచ్చదనము చూపవలెనని సర్కారుతుమ్మను రానిచ్చినచో అది చుట్టుపట్ల బీళ్లనన్నిటిని ఆక్రమించును. లెక్కకు మొక్కలు చూపుట వేరు, నేలకు ప్రాణము పోయుట వేరు.

ఈ భేదమును తెలిసికొనుటకు నాకు తెలిసిన దృష్టాంతములలో ఉత్తమమైనది తూర్పు ఆఫ్రికాలో, కెన్యా దేశపు మొంబాసా నగరము చెంత నున్నది. అచ్చటి బాంబూరి సిమెంటు కర్మాగారమునకై పగడపు సున్నపురాయిని త్రవ్వగా మిగిలిన బయలు, ఉప్పునీటి మట్టమునకు చేరువ వరకు ఒలిచిన తెల్లని బండనేల. మట్టి యన్నదే లేదు. 1971లో రెనే హాలర్ అను స్విట్జర్లాండు దేశీయుడైన వ్యవసాయశాస్త్రజ్ఞుడు అందులో పలుజాతుల మొక్కలను నాటించి చూడగా, బ్రతికి బట్టకట్టిన కొద్దిజాతులలో ప్రధానమైనది సరుగుడు. మన చీరాల, సింగరాయకొండ తీరములందు ఇసుకనేలలలో పెరుగు ఆ సరుగుడే. దాని వేళ్లయందు నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టునకు అందించునుగాన, ఎరువులేని నేలలో కూడ అది నిలువగలదు. చెట్లు పెరిగినవి, కాని రాలిన ఆకు కుళ్లక దట్టమైన పరుపుగా పడియుండెను. మట్టి పుట్టలేదు. సామాన్యుడైనచో చెట్లు పెరిగినవి గదా యని తృప్తిపడి యుండును, హాలర్ పడలేదు. ఎఱ్ఱకాళ్ల రోకలిబండలు ఆ ఆకును తినగలవని గమనించి, వాటిని తెచ్చి ఆ తోపులలో విడిచిపెట్టెను. అవి ఆకును నమలి విసర్జించినకొలది బండమీద నల్లని సారవంతమైన పొర యేర్పడినది; ఆ పొరపై ఇతర వృక్షములు వచ్చినవి, పక్షులు వచ్చినవి, జంతువులను తెచ్చి పెంచిరి. ఇప్పుడా వనమునకు ఆయన పేరే పెట్టియున్నారు. మన నల్లరాతి గుట్టకును ఆ సున్నపురాతి బయలుకును స్వభావభేదమున్నది గనుక చెట్టును చూచి చెట్టును నాటుటవలన ప్రయోజనము లేదు. నేర్వవలసినది ఆ మనుష్యుని ఓర్పును, పచ్చదనముతో తృప్తి చెందక మట్టి పుట్టినదా యని వంగి చూచిన ఆ దృష్టిని.

గొయ్యి మాటకు వచ్చెదను. అంత లోతైన గొయ్యిని పూడ్చుట, తీసిన రాతిలో కొంత దేశాంతరము వెళ్లినందునను, మిగిలినదానిని మరల మోయుటకగు వ్యయము వలనను, చాలచోట్ల సాధ్యము కాదు. దానిని జలాశయముగా మలచుదమన్న మాట తరచు వినవచ్చును. 2 హెక్టార్ల వైశాల్యము, 30 మీటర్ల లోతు గల గోతిలో 6 లక్షల ఘనమీటర్లు, అనగా సుమారు 21 మిలియన్ ఘనపుటడుగుల నీరు పట్టును. కరవుసీమలో ఇది చిన్న సంపద కాదు. కాని పట్టుట వేరు, నిండుట వేరు. ఆ 2 హెక్టార్లపై నేరుగా పడు వాన సంవత్సరమునకు 16,000 ఘనమీటర్లు. మన మెట్టప్రాంతములలో నీటిపైతలమునుండి ఏటేట ఆవిరియగునది 1,500 మిల్లీమీటర్లకు మించును గాన, లోతును నీడయు కొంత తగ్గించినను, పడినదానికంటె పోవునదే యెక్కువ. ఊటనీరు కొంత చేరవచ్చును. అది చుట్టుప్రక్కల బావులనుండి వచ్చినదైనచో దానిని లాభమనరాదు.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము ఇచ్చట స్మరణీయము. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ సంస్కృత శాసనమున చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములును, చెరువునకు పట్టు ఆరు దోషములును పేర్కొనబడినవి. సాధనములలో చేరువను రాతిగని యుండుట యొకటి. దోషములలో, విశాలమైన నేలకు నీరు స్వల్పమగుటయు, స్వల్పమైన చోటునకు నీరు అధికమగుటయు రెండు. ఆరువందల యేండ్లకు పైబడిన ఆ శాస్త్రము రాతిగనిని చెరువునకు సహాయకారిగా భావించినది. మనము నేడు గనినే చెరువుగా చేయబూనినప్పుడు, ఆ దోషములను ముందుగా పరిశీలింపవలసినవారమే గదా. గనికి ఎగువనున్న పరీవాహక ప్రాంతమునుండి, దిగువ చెరువుల హక్కు పోగా మిగులు వరదనీరును మాత్రమే, గని పని ముగిసిన పిమ్మట, పూడికగుంట గుండా దానిలోనికి మరలింపవలెను. నిండిన తరువాత పొర్లుటకు రాతితో కట్టిన అలుగు ఉండవలెను. గనికాలమున నీటిని బయటకు మరలించిన చుట్టుకాలువయే కడపట ఒక తలుపు మార్పుతో లోనికి నడిపించు కాలువ కాగలదు, ముందుచూపుతో ఆ స్థానమున త్రవ్వినచో.

గోతి గోడల విషయమున ఉపేక్ష ప్రాణాంతకము. 1961 నాటి లోహఖనిజ గనుల నిబంధనలు గట్టిరాతిలో, ప్రత్యేకానుమతి లేనిచో, గోడను మెట్లుగా కోసిన బెంచీ యెత్తు 6 మీటర్లకు మించరాదనియు, వెడల్పు ఎత్తునకు తగ్గరాదనియు విధించినవి. తుది కొలతలకు వచ్చునాటికి ఆ బెంచీలను కోసివేసి నిలువుగోడ మిగిల్చినచో, వేసవిలో ఈతకు దిగిన పిల్లవాడు ఏ అంచును పట్టుకొని పైకెక్కగలడు? మన తెలుగు రాష్ట్రములు రెంటిలోను విడిచిపెట్టిన క్వారీగుంటలలో పిల్లలు మునిగిన వార్తలు పత్రికలలో చదువని వేసవి లేదు. కనీసము ఒకవైపు మనుష్యుడును పశువును నడిచి దిగి యెక్కగల వాలుబాట, నీటియంచున వెడల్పైన బెంచీ, చుట్టును కంచెతో కూడిన రాతికట్ట, ఇవి అలంకారములు కావు.

చట్టము ఈ విషయములలో మౌనము వహింపలేదు. 1999 నాటి గ్రానైటు సంరక్షణ, అభివృద్ధి నియమములు పైమట్టిని వేరుగా నుంచుటను, భూమిని దశలవారీగా పునరుద్ధరించుటను కోరినవి. 5 హెక్టార్లకు తక్కువైన చిన్నఖనిజపు లీజులకును పర్యావరణ అనుమతి కావలెనని సర్వోన్నత న్యాయస్థానము 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ వ్యాజ్యమున ఆదేశించినది. గని ముగిసిన నేలలో పశుగ్రాసమును మొక్కలను తిరిగి పెంచవలెనను షరతును లీజులలో చేర్చుమని 2020 జనవరిలో మరల ఆదేశించినది. లోటు ఉన్నది కాగితమునకును నేలకును నడుమ. గని మూతకగు వ్యయమును లీజుదారు చివరి సంవత్సరమున కాక, మొదటి సంవత్సరమునుండి ప్రతి దిమ్మె ధరలో కొంతగా లెక్కించి వేరుగా నుంచవలెను. 2015 చట్టసవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి గని వలన నష్టపడిన ప్రజలదే కాని, లీజుదారు చేయవలసిన పనికి బదులుగా ఖర్చు పెట్టుటకు ఉద్దేశించినది కాదు.

గనిగ్రామములందలి శ్రోతలకు నాదొక విన్నపము. క్రొత్త లీజునకు ప్రజాభిప్రాయసేకరణ జరిగినను, పాత లీజునకు గడువు పొడిగింపు కోరినను, తుపానునాడు ఆ గనినుండి వెడలు నీరు ఏ సర్వే నంబరు మీదుగా పోయి ఏ వాగులో కలియునో పటముపై చూపుమని అడుగుడు. ఒలిచిన పైమట్టిని ఎచ్చట నుంచెదరో నేలమీదనే చూపుమని అడుగుడు. చూపువరకు పంచాయతీ తీర్మానమునకు చేయెత్తకుడు.